తిన్నావా అని అడిగే ఊరు

మా సంఘములోని ఒక రైతు కూతురు వైద్యవిద్య కొరకు చైనా దేశము వెళ్లి, చదువు ముగించుకొని 2024లో ఇల్లు చేరింది. ఇక్కడ డాక్టరుగా పని చేయడానికి వ్రాయవలసిన అర్హత పరీక్షకు చదువుకుంటున్నది. ఈమధ్య ఒక శుక్రవారము స్త్రీల కూడిక అయిన తరువాత ఆమెను మందిరపు అరుగు మీద కూర్చోబెట్టి, అక్కడి తిండి ఎట్టిది, అక్కడి పట్నపు బ్రతుకు ఎట్టిది, చెప్పమ్మా అన్నాము. అరగంటలో ముగుస్తుందనుకున్న ముచ్చట రాత్రి తొమ్మిది దాకా సాగింది. విన్నవారందరూ సంతోషించారు గనుక, ఆ మాటలు పాఠకులకు కూడా అందించాలని తోచింది.

ఈ ముచ్చట మేము నాలుగేళ్ల క్రితమే అడగవలసింది. ఎందుకు అడగలేదో చివర చెప్పుకుంటాము.

అమ్మ కట్టిన మూట

2018 సెప్టెంబరులో ఆమె బయలుదేరింది. తండ్రికి గోదావరి కాలువ కింద రెండెకరాల వరిచేను. ఆ చేను కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చాడు. తల్లికి మాత్రము అప్పు కంటే అన్నము గురించే ఎక్కువ దిగులు. మా ఇంటికి వచ్చి, "వాళ్లు పాములు, కప్పలు తింటారంట అయ్యగారూ, నా పిల్ల ఏం తిని బతుకుద్ది?" అని కొంగు నోట కుక్కుకొని ఏడ్చింది.

ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, చింతపండు, ఎండుమిరపకాయలు, ఒక చిన్న కరెంటు కుక్కరు. విమానము వారు ఒప్పుకున్న బరువులో సగము ఇదే. పుస్తకాలు తరువాత కొనుక్కోవచ్చులే అన్నది ఆ తల్లి.

మూడు ఊళ్లు కలిసిన నగరము

ఆమె చదివినది వూహాన్ నగరములో. హుబెయ్ రాష్ట్రమునకు అది ముఖ్యపట్టణము. 2020 జనగణనలో అక్కడి జనము 1 కోటి 23 లక్షలకు పైగా తేలింది. ఆసియాలో అన్నిటికంటె పొడవైన యాంగ్జీ నది ఊరి నడుమగా ప్రవహిస్తుంది. హాన్ నది అక్కడే వచ్చి దానిలో కలుస్తుంది. ఈ నదుల గట్ల మీద వూచాంగ్, హాంకౌ, హాన్‌యాంగ్ అనే మూడు పట్టణాలు ఉండేవి. ఆ మూడూ కలిసి వూహాన్ అయింది.

1957లో యాంగ్జీ మీద కట్టిన వంతెన ఒకటి ఉన్నది. పైన మోటారు బండ్లు, కింద రైళ్లు. "అచ్చం మన రాజమండ్రి బ్రిడ్జేనండి. వెళ్లిన మొదటి వారం దాని మీద నిలబడి ఏడ్చేశాను" అన్నది అమ్మాయి. 1974లో గోదావరి మీద తెరిచిన మన వంతెనకు కూడా పైన రోడ్డు, కింద రైలు మార్గమే గదా!

హుబెయ్ ప్రాంతమును చైనావారు చేపల సీమ, బియ్యపు సీమ అని పిలుచుకుంటారు. ఎటు చూసినా చెరువులు, కాలువలు, వరి మళ్లు. ఇంత దూరము పోయి మళ్లీ వరి దేశములోనే దిగానని ఆమె అనుకున్నదట.

ఉదయమును దాటించే ఫలహారము

వూహాన్ వారికి పొద్దుటి ఫలహారము మీద ప్రీతి ఎక్కువ. దానికి "గువోజావ్" అని పేరు. ఉదయమును దాటించడము అని దాని అర్థము. పొద్దున్నే ఇంట్లో పొయ్యి వెలిగించేవారు తక్కువ. వీధి మొగలో కొనుక్కుని, కాగితపు గిన్నె చేతబట్టుకొని, బస్సు కొరకు నిలబడే తినేస్తారు.

అన్నిటికంటె పేరున్నది "రగాన్‌మియెన్". వేడి పొడి నూడుల్స్ అని చెప్పవచ్చును. గోధుమపిండి నూడుల్స్ ముందే ఉడికించి, నూనె పట్టించి, ఆరబెట్టి ఉంచుతారు. మనిషి వచ్చి నిలబడగానే గుప్పెడు తీసి, జల్లిబుట్టలో వేసి, మరిగే నీళ్లలో ముంచి తీస్తారు. దాని మీద నువ్వుల ముద్ద, సోయా రసము, ఊరవేసిన ముల్లంగి ముక్కలు, ఉల్లికాడలు, మిరపనూనె వేసి ఇస్తారు. అడుగు నుండి గబగబా కలుపుకోవాలి, ఆలస్యము చేస్తే ముద్దకడుతుంది. ఆమె వెళ్లిన కొత్తలో గిన్నె ఐదు యువాన్లు, అంటే అప్పటి మన యాభై రూపాయలు.

"మియెన్వో" అని ఇంకొకటి. బియ్యము, సోయా గింజలు నానబెట్టి రుబ్బి, అల్లము, ఉల్లికాడ కలుపుతారు. నడుమ కాస్త ఉబ్బిన ఇనుప గరిటెలో ఆ పిండి పోసి, కాగే నూనెలో ముంచుతారు. అంచు లావుగా, మధ్య పలుచగా, కరకరలాడుతూ వస్తుంది. "దూరం నుంచి చూసి గారెలనుకుని పరుగెత్తానండి" అని నవ్వింది.

ఇక "దోపీ" సంగతి. పెసలు, బియ్యము కలిపి రుబ్బిన పిండిని పెద్ద పెనము మీద అట్టుగా పోసి, గుడ్డు కొట్టి రాస్తారు. జిగురు బియ్యపు అన్నము, పుట్టగొడుగులు, వెదురు మొలకలు, మాంసపు తునకలు పరచి, తిరగవేసి, చదరపు ముక్కలుగా కోసి పెడతారు.

"ఏంటమ్మాయ్, చైనాలో ఉప్మా పెసరట్టా?" అన్నది ఒక పెద్దమ్మ. అరుగు మీద అందరూ ఒకటే నవ్వు.

మధ్యాహ్నము, రాత్రి అన్నమే. అయితే అది మన సన్నబియ్యము వలె పొడిపొడిగా ఉండదు. పుల్లలకు అందేటట్లు కొంచెము అతుక్కొని ఉంటుంది. చెరువులలో పెరిగే తామర దుంపను పంది ఎముకలతో కలిపి గంటల తరబడి సన్నని సెగ మీద కాచే పులుసు అక్కడి ఇళ్లలో చుట్టాలకు పెట్టే వంట. మొదటి ఏడు ఆమె ముట్టలేదు. రెండవ ఏడు చలిలో ఒకరు బలవంతము చేస్తే త్రాగింది. ఆ తరువాత తనే వెతుక్కుంటూ వెళ్లింది.

మింగుడు పడనివి కూడా ఉన్నాయి. సోయా పాలను విరగగొట్టి చేసే జున్నును పులియబెట్టి వేయిస్తారు. ఆ వాసనకు వీధి మారిపోయేదట. ఒక జాతి మిరియము ఉన్నది, కారము కాదు గాని నాలుక తిమ్మిరెక్కుతుంది. పుల్లపెరుగు దొరకదు. పెరుగు అంటే సీసాలో తియ్యగా అమ్మేదే. మాంసము తినని తోటి విద్యార్థులు చాలా ఇబ్బంది పడ్డారు. కూర అని తెచ్చుకుంటే అడుగున మాంసపు తునక కనబడేది.

పాముల సంగతి ఎవరో అడగనే అడిగారు. "నేనున్నన్నాళ్లు నా కళ్లతో చూడలేదండి. కప్పలు, పీతలు అమ్మేవారు. ఎండాకాలం రాత్రుళ్లు ఎర్రటి రొయ్యల్లాంటివి గుట్టలు పోసుకుని తినేవారు. రొయ్యలు మనం తినమా?" అన్నది. చైనా దక్షిణ భాగములో కొన్ని చోట్ల పాము, కుక్క మాంసము తినేవారున్న మాట నిజమే. కోట్లమంది రోజూ తినేది మాత్రము అన్నము, గోధుమ, ఆకుకూరలు, గుడ్లు, చేపలు, పంది, కోడి.

పట్నపు బ్రతుకు

అక్కడ మండుటెండలో కూడా వేడినీళ్లే త్రాగుతారు. కళాశాలలో, రైలులో, ఆసుపత్రిలో ఎక్కడ చూసినా వేడినీటి కుళాయి. ప్రతివారి చేతిలో ఒక ఫ్లాస్కు. కడుపునొప్పి అన్నా, జలుబు అన్నా వారు చెప్పే మొదటి మాట వేడినీళ్లు త్రాగమనే.

2018లోనే ఆకుకూరలమ్మే ముసలమ్మ దగ్గర కూడా గళ్ల బొమ్మ ఉన్న అట్ట వేలాడేది. ఫోను చూపితే డబ్బు చెల్లిపోయేది. తరువాత మన సంతలలోకి కూడా అది వచ్చింది గాని, ఆ రోజులలో ఆమెకు వింతగా ఉండేది. ఒకనాడు ఒక ముసలాయన నోటు చేతబట్టుకొని దుకాణములో నిలబడ్డాడు. చిల్లర లేదన్నారు. వెనుక నున్న కుర్రవాడు తన ఫోనుతో చెల్లించి, ఆయన నోటు తీసుకోకుండా వెళ్లిపోయాడు. "అంత పెద్ద ఊరు ముసలివాళ్ల కోసం ఆగదండి. అప్పుడప్పుడు ఒక మనిషి ఆగుతాడు" అన్నది.

వూహాన్ నుండి గ్వాంగ్‌జౌ నగరము సుమారు 1,000 కిలోమీటర్లు. 2009 డిసెంబరులో మొదలైన వేగపు రైలులో నాలుగు గంటల ప్రయాణము. సాయంత్రము కాగానే ఖాళీ స్థలాలలో యాభై, అరవై ఏళ్ల స్త్రీలు పాట పెట్టుకొని వరుసలు కట్టి నృత్యము చేస్తారు. ఎవరూ నవ్వరు, ఎవరూ ఆపరు. మా స్త్రీల సమాజమువారు ఒకరి ముఖము ఒకరు చూసుకున్నారు.

ఒక తోటలో రోజూ నడిచే ముసలి మాష్టారు ఈమెది ఇండియా అని, వైద్యము చదువుతున్నదని తెలిసి, "కె దీహ్వా" అని బొటనవేలు ఎత్తి చూపాడట. షోలాపూరుకు చెందిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ గారిని చైనావారు పిలుచుకునే పేరది. యుద్ధకాలములో, 1938లో, మన దేశము పంపిన ఐదుగురు వైద్యులలో ఆయన ఒకరు. సైనికులకు, పల్లెవారికి వైద్యము చేస్తూ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆ పేరు ఈమె మొదటిసారి వినడము చైనాలోనే.

పేరు తెలియని ఆయీ

ఈ పెద్ద నగరాలను నిలబెట్టేది పల్లెల నుండి వచ్చిన కూలీలు. అటువంటివారు చైనాలో 30 కోట్లకు దగ్గరగా ఉన్నారు. ప్రతి కుటుంబము తన సొంత ఊరిలో నమోదై ఉంటుంది. పల్లెలో నమోదైనవారి పిల్లలకు పట్నపు బడిలో చోటు దొరకడము కష్టము. అందుచేత పిల్లలను తాత, అమ్మమ్మల దగ్గర వదిలి తల్లిదండ్రులు పట్నము చేరుతారు. కొత్త సంవత్సరపు పండుగకు మాత్రము ఊరు వెళ్తారు. ఇది వింటుంటే, బిడ్డలను అమ్మమ్మల చేత పెట్టి కువైటు, దుబాయి వెళ్లిన మన జిల్లాల తల్లులు మాకు కళ్లలో మెదిలారు.

హాస్టలు గేటు ప్రక్కన నూడుల్స్ బండి పెట్టుకున్న స్త్రీ అటువంటి తల్లే. అమ్మాయి ఆమెను "ఆయీ" అని పిలిచేది. తల్లి తోబుట్టువును అక్కడ అలా పిలుస్తారు, అంటే మన పిన్ని. కొంచెము పెద్దదైన పరాయి స్త్రీని కూడా అలాగే పిలవడము వారి మర్యాద. ఆయీ కూతురు పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నది.

మొదటి చలికాలములో అమ్మాయికి మూడు రోజులు జ్వరము వచ్చింది. వూహాన్‌లో చలి ఎముకలు కొరుకుతుంది. ఉత్తరాది ఊళ్లలో ఇళ్లకు ప్రభుత్వము వేడి గొట్టాలు వేసింది గాని, ఈ ఊరు దక్షిణపు లెక్కలోనిది, ఆ వసతి లేదు. మూడు రోజులుగా బండి దగ్గరకు రాని పిల్లను వెతుక్కుంటూ ఆయీ హాస్టలు కాపలావాని దగ్గరకు వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె, దానిలో అల్లము వేసి కాచిన బియ్యపు జావ.

"మన గంజేనండి! అమ్మ ఆవకాయ వేసుకుని తిన్నాను. ఆయీకి కూడా ఒక ముక్క పెట్టాను. దగ్గి దగ్గి, కళ్ల నీళ్లు పెట్టుకుని, వేడినీళ్లు తాగి, మళ్లీ ఒక ముక్క పెట్టమంది."

కనబడినప్పుడల్లా ఆయీ మొదటి మాట "చీ ల మా?" అంటే, తిన్నావా? అక్కడి పెద్దలు ఎదురుపడితే పలకరించుకునే మాట అదే. 1959 మొదలు 1961 వరకు ఆ దేశములో కోట్లమంది కరువుకు చనిపోయారు. అటువంటి ఆకలి చూసిన పెద్దలు తిన్నావా అని అడిగితే అది వట్టి మాటగా వినబడదు. మన ఊళ్లలో కూడా మనిషి ఎదురైతే భోజనమైందా అనే గదా అడుగుతాము! రెండు ఊళ్లకూ ఒకటే పలకరింపు.

మేము త్రాగని టీ

ఇక మా సంగతి. 2020 జనవరి రెండవ వారములో ఆమె సెలవులకు ఇంటికి వచ్చింది. జనవరి 23న వూహాన్ నగరమును మూసివేశారు. ఏప్రిల్ 8 దాకా, 76 రోజులు, తెరవలేదు. మన ఊరికి ఆరోగ్య సిబ్బంది వచ్చి, పరీక్షించి, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమన్నారు. అది న్యాయమే. గడువు దాటింది. ఆమెకు జలుబు కూడా రాలేదు.

గడువు దాటిన తరువాత కూడా ఊరు దగ్గరకు రాలేదు. పాలు పోసే ఆమె వాకిట్లోనే చెంబు పెట్టి వెళ్లేది. మందిరములో ఆ కుటుంబము కూర్చున్న వరుస ఖాళీ అయింది. ఎవరో ఫోనులో గబ్బిలము తింటున్న స్త్రీ బొమ్మ తిప్పారు. అది చైనాలో తీసినది కాదు. 2016లో పలావ్ అనే పసిఫిక్ ద్వీపములో తీసినదని తరువాత తెలిసింది. అప్పటికే కుర్రవాళ్లు ఈ పిల్లకు "గబ్బిలము" అని పేరు పెట్టారు.

మేము ఆ ఇంటికి వెళ్లాము. వెళ్లామని చెప్పుకోవడానికి వెళ్లాము. గుమ్మము బయట నిలబడి ప్రార్థన చేశాము. ఆ తల్లి రెండు గ్లాసులలో టీ తెచ్చింది. "ఇప్పుడే ఇంటి దగ్గర త్రాగి వచ్చామమ్మా" అన్నాము. అది అబద్ధము. ఆమెకు అర్థమైంది. గ్లాసులు లోపలికి తీసుకొని వెళ్లింది.

అరుగు మీద ముచ్చటలో అమ్మాయి ఆ రోజుల సంగతి చెప్పింది. "అప్పుడు ఆయీ నుంచి ఫోనులో మెసేజీ వచ్చిందండి. వాళ్ల ఊరు మొత్తం మూసేశారు, బండి లేదు, సంపాదన లేదు. నన్నేమడిగిందో తెలుసాండి? చీ ల మా అంది." ఆ మాట చెప్పినప్పుడు ఆమె మా వైపు చూడలేదు. మేమే తల వంచుకున్నాము.

మన సంఘాలలో చాలామంది తాతలు తమ పళ్లెములో ఉన్న మాంసము వలన ఊరి బావి దగ్గరకు రానీయబడలేదు. ఆ మాట మా తండ్రిగారి నోట ఎన్నోసార్లు విన్నాము. మిద్దె మీద పేతురు చూసిన దుప్పటి దర్శనమును గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. అంతా తెలిసి కూడా, ఒకరి తిండిని సాకుగా పెట్టుకొని ఒక బిడ్డను దూరము పెట్టే వరుసలో మేము కూడా నిలబడ్డాము.

2020 జూన్ 29న మన ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో వారు మాట్లాడుకునేది కూడా పోయింది. ఆ చివరి మెసేజీలే మిగిలాయి. రెండున్నర ఏళ్లకు పైగా ఇంట్లోనే ఫోను ముందు పాఠాలు. 2022 ఆగస్టులో విద్యార్థులకు మళ్లీ వీసాలు తెరిచారు. ఆ ఏడు చివరను తిరిగి వెళ్లిన మరుసటి రోజు పొద్దున్నే ఆమె గేటు ప్రక్కకు వెళ్లింది. బండి లేదు. ఆ చోట ఫోను తొడుగులు అమ్ముతున్నారు. ఎవరినడిగినా తెలియదన్నారు. అడగడానికి పేరు కూడా లేదు. అన్నాళ్లూ ఆయీ అనే పిలిచింది గాని పేరు అడగలేదు.

పిల్లలను పంపే తల్లిదండ్రులకు

విదేశములో చదువు ఆలోచిస్తున్న కుటుంబాలకు ఆ అమ్మాయి కొన్ని మాటలు చెప్పింది. పంపేముందు ఆ కళాశాల చదువు మన దేశములో చెల్లుతుందో లేదో చూసుకోవాలి. 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారము వైద్యవిద్య 54 నెలలకు తక్కువ ఉండరాదు. దానిపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, బోధన ఇంగ్లీషులో ఉండాలి. ఏజెంటు నోటిమాట నమ్మి చేను కాగితాలు ఇవ్వవద్దు. మగపిల్లలకైనా, ఆడపిల్లలకైనా అన్నము, పప్పు, కోడిగుడ్డు కూర వండడము నేర్పి పంపండి. ఆ దేశపు మాటలు ఒక వందయినా నేర్చుకొని వెళ్లమనండి, మాట వస్తే మనుషులు దగ్గరవుతారు. ఫోను చేసినప్పుడు మార్కుల సంగతి తరువాత, తిన్నావా అని ముందు అడగండి. ఏమి తిన్నావు అని కూడా అడగండి. సరిగా తినని పిల్ల ఆ రెండవ ప్రశ్న దగ్గర తడబడుతుంది.

ఆ శుక్రవారము రాత్రి అందరూ లేచి వెళ్తుండగా ఆ తల్లి ఫ్లాస్కులో టీ తెచ్చింది. మేము రెండు గ్లాసులు త్రాగి, ఆనాటి మాట అబద్ధమని ఆమెతో చెప్పి, క్షమించమన్నాము. "నాకు అప్పుడే తెలుసండి అయ్యగారూ" అని మూడవ గ్లాసు పోసింది.

మీ ఊరికి కూడా దూరదేశము నుండి వచ్చిన బిడ్డలు ఉంటారు. పొరుగు రాష్ట్రము నుండి పనికి వచ్చి, మన భాష రాక, మనకు తెలియని తిండి వండుకునే కుటుంబాలు ఉంటాయి. గుమ్మము బయట నుండి పలకరించి రావద్దు. లోపలికి వెళ్లి కూర్చోండి. వారి పేరు అడిగి తెలుసుకోండి. పెట్టినది తిని రండి.